పాండా పిల్లకు పేరు పెట్టిన రోజే పుట్టిన పార్టీ

2017 సెప్టెంబర్ 25 మధ్యాహ్నం టోక్యో గవర్నర్ యురికో కొయికె విలేకరులను పిలిచారు. మొదటి కబురు ఉయెనో జూలో ఆ జూన్‌లో పుట్టిన పాండా పిల్ల గురించి. దానికి షాన్‌షాన్ అని పేరు ఖాయం చేశామని చెప్పారు. అదే సమావేశంలో ఇంకో పేరు కూడా బయటపెట్టారు. 'కిబో నో తో', అంటే ఆశల పార్టీ. దేశమంతటా పోటీ చేసే కొత్త పార్టీ పెడుతున్నానని, దానికి తానే అధ్యక్షురాలినని ప్రకటించారు.

ఆ సాయంత్రం ఆరింటికి ప్రధాని షింజో అబే దిగువ సభ రద్దు గురించి మాట్లాడబోతున్నారని దేశమంతటికీ తెలుసు. ఆయన నోరు తెరిచే లోపే ఆనాటి వార్తను కొయికె ఎగరేసుకుపోయారు. టీవీలో న్యూస్ రీడర్‌గా పనిచేసిన మనిషికి ఏ గంటలో ఏం చెప్పాలో ఒకరు నేర్పనక్కర్లేదు. జపాన్ పత్రికలు అప్పటికే ఆమె రాజకీయానికి 'కొయికె థియేటర్' అని పేరు పెట్టేశాయి.

ఆ పార్టీ ఏడు నెలలు దాటి కొద్ది రోజులు బతికింది. అధ్యక్షురాలిగా కొయికె ఉన్నది యాభై రోజులు. ఈ పతనం గురించి ఎక్కడ చదివినా ఒక్క మాట దగ్గరే కథ ఆగిపోతుంది. ఆమె నోరు జారారు, పార్టీ మునిగింది అని. అది నిజమే గానీ సగం నిజం. ఆ మాట రాకపోయినా ఈ పార్టీ ఎక్కువ దూరం నడిచేది కాదు. ఎందుకో తెలియాలంటే అది ఎలా కట్టిన పార్టీయో చూడాలి.

జపాన్ రాజకీయాల్లో పాత మాట ఒకటుంది. ఎన్నికల్లో గెలవాలంటే మూడు 'బన్'లు కావాలంటారు: జిబన్, కంబన్, కబన్. జిబన్ అంటే కాళ్ల కింద నేల, నియోజకవర్గంలో ఏళ్ల తరబడి కూడగట్టుకున్న బలగం. కంబన్ అంటే దుకాణం ముందు వేలాడే బోర్డు, పేరూ గుర్తింపూ. కబన్ అంటే సంచి. అందులో ఏముంటుందో చెప్పక్కర్లేదు.

2017లో కొయికె దగ్గర ఉన్నది కంబన్. దేశంలో అంతకంటే పెద్ద బోర్డు అప్పుడు ఇంకెవరికీ లేదు. 2016లో అబే నడిపే అధికార ఎల్డీపీ (లిబరల్ డెమోక్రటిక్ పార్టీ) ఆమెకు మద్దతు ఇవ్వకపోయినా టోక్యో గవర్నర్ పదవికి నిలబడి, 29 లక్షలకు పైగా ఓట్లతో పార్టీ అధికారిక అభ్యర్థిని ఓడించారు. మరుసటి ఏడాది జులైలో టోక్యో అసెంబ్లీ ఎన్నికల్లో ఆమె స్థానిక పార్టీ 'తోమిన్ ఫస్ట్' 127 సీట్లలో 55 తెచ్చుకుంది. ఎల్డీపీ 57 నుంచి 23కి జారింది. టోక్యోలో ఆ పార్టీకి అంత ఘోరమైన ఫలితం అంతకు ముందు లేదు. మోరితోమో, కాకె విద్యాసంస్థల వ్యవహారాల్లో అబే పేరు నలిగిపోతున్న రోజులవి. కొయికె తదుపరి ప్రధాని అనే ఊహ అప్పుడెవరికీ అతిగా అనిపించలేదు.

జపాన్‌లో ఈ బోర్డు విలువ మనం అనుకునే దానికంటే ఎక్కువ. అక్కడ ఓటరు గుర్తు చూసి బటన్ నొక్కడు. ఖాళీ కాగితం మీద పెన్సిల్‌తో అభ్యర్థి పేరు, ఇంకో కాగితం మీద పార్టీ పేరు తన చేత్తో రాస్తాడు. పేరు గుర్తుండాలి, రాయబుద్ధి కావాలి.

నేల, సంచి ఉన్నది ఇంకొకరి దగ్గర. వాళ్లే అప్పటి ప్రధాన ప్రతిపక్షం 'మిన్‌షింతో', డెమోక్రటిక్ పార్టీ. 2009 నుంచి 2012 దాకా దేశాన్ని ఏలిన పాత పార్టీకి వారసురాలు. కార్మిక సంఘాల మహా సమాఖ్య 'రెంగో' అండ ఉంది, ఊరూరా కార్యకర్తలు ఉన్నారు, ప్రభుత్వం పార్టీలకు ఇచ్చే నిధుల్లోంచి దాచుకున్న సొమ్ము ఉంది. లేనిదల్లా పేరు. ఆ మూడేళ్ల పాలన మీద జనానికి కోపం చల్లారలేదు. అధ్యక్షురాలు రెన్‌హో జులైలో తప్పుకున్నారు. సెప్టెంబర్ 1న సెయిజి మాయెహారా, యుకియో ఎదానోను ఓడించి పగ్గాలు పట్టారు. పట్టీ పట్టకముందే ఎంపీలు ఒక్కొక్కరుగా జారుకోవడం మొదలైంది.

అబే ముందస్తు ఎన్నికలకు దిగింది ఈ పరిస్థితి చూసే. ఆగస్టు చివర, మళ్లీ సెప్టెంబర్ మధ్యలో ఉత్తర కొరియా క్షిపణులు హొక్కైదో మీదుగా ఎగిరిపోయాయి. మధ్యలో అణు పరీక్ష ఒకటి. దేశ భద్రత చర్చ ముందుకొచ్చి ఆయన రేటింగ్ కోలుకుంది. ప్రతిపక్షం చెల్లాచెదురుగా ఉంది, కొయికె జాతీయ పార్టీ ఇంకా కాగితం మీదే ఉంది. ఆమెకు కట్టుకునే టైం ఇవ్వకుండా కొట్టాలన్నది లెక్క. 'జాతీయ సంక్షోభాన్ని ఛేదించే రద్దు' అని దానికి గంభీరమైన పేరు పెట్టారు.

నిజానికి కొయికె తరఫున మసారు వకాసా, మిన్‌షింతో వదిలివచ్చిన గోషి హొసోనో అప్పటికి కొన్ని వారాలుగా కొత్త పార్టీ పని మీదే ఉన్నారు. పాండా పిల్ల సమావేశంలో కొయికె వాళ్ల కసరత్తు గురించి అన్న మాట 'రీసెట్'. ఇప్పటిదాకా జరిగినవన్నీ పక్కనపెట్టి తానే స్వయంగా పార్టీ పెడుతున్నానని దాని అర్థం. రాత్రింబవళ్లు కూర్చుని ఇల్లు కడుతున్న మేస్త్రీల ముందు నిలబడి, పునాది మళ్లీ తవ్వుదాం అన్నట్టు. తర్వాత నాలుగు రోజులకు జరిగిన దానికి ఇది చిన్న రిహార్సల్. కానీ ఆ రోజు అందరూ ఆమె చొరవనే మెచ్చుకున్నారు.

సెప్టెంబర్ 27న 14 మంది ఎంపీలతో పార్టీ లాంఛనంగా మొదలైంది. అందులో మిన్‌షింతో నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, ఎల్డీపీ నుంచి దూకినవాళ్లు ఉన్నారు, అంతకంటే కుడివైపు భావాలు ఉన్నవాళ్లూ ఉన్నారు. మరునాడు 28న సభ రద్దయింది. అదే రోజు మిన్‌షింతో ఎంపీల సమావేశంలో మాయెహారా పెట్టిన ప్రతిపాదన జపాన్ చరిత్రలోనే అరుదైనది. ఈ ఎన్నికల్లో మన పార్టీ తరఫున ఎవ్వరికీ టికెట్ ఇవ్వం. పోటీ చేసేవాళ్లు కిబో నో తో టికెట్‌కు దరఖాస్తు పెట్టుకోండి. మన పార్టీ వాళ్లకు పూర్తి మద్దతు ఇస్తుంది. పేరు వదిలేసి ఫలితం అందుకుందాం అన్నది ఆయన వాదన.

ప్రధాన ప్రతిపక్షం తనకు తానే తాళం వేసుకునే ఆ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పిచ్చితనంలా కనిపిస్తుంది గానీ ఆ గదిలో ఉన్నవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క సూటిగానే ఉంది. దిగువ సభలో 465 సీట్లు. అందులో 289 ఒక్కొక్కరిని ఎన్నుకునే నియోజకవర్గాలు, 176 పార్టీకి వచ్చిన ఓట్ల దామాషా ప్రకారం 11 ప్రాంతాల వారీగా పంచేవి. నియోజకవర్గాల్లో ఎల్డీపీ వ్యతిరేక ఓటు చీలితే ఎల్డీపీ గెలవడం ఖాయం. ఎవరు నిలబడ్డా ఒక్కరే నిలబడాలి. కొయికె బోర్డు, మిన్‌షింతో బలగం, సంచి కలిస్తే మూడు బన్‌లూ కుదిరినట్టే. అందరినీ తీసుకుంటారన్న నమ్మకంతోనే చేతులెత్తారు. ఆ నమ్మకానికి రాతపూర్వకంగా ఒక్క ముక్కా లేదు.

సెప్టెంబర్ 29. మాయెహారా అందరికీ టికెట్లు వస్తాయని అంటున్నారు, మీరు ఎంపిక చేస్తామంటున్నారు, మరి మీతో కలవనివాళ్లను ఏరివేస్తారా అని ఒక విలేకరి అడిగారు. 'ఏరివేత' అనే పదం ప్రశ్నలోనే ఉంది. కొయికె దాన్ని పక్కకు నెట్టేసి ఇంకో మాట వాడొచ్చు. అలా చేయలేదు. నవ్వుతూ, ఏరివేత ఉండదని ఏమీ కాదు, 'హైజో ఇతషిమాసు' అన్నారు. జపనీస్‌లో 'ఇతషిమాసు' చాలా వినయంగా, ఎదుటివారి ముందు తగ్గి మాట్లాడే రూపం. తెలుగులో చెబితే 'ఏరివేస్తామండీ' అన్నట్టుంటుంది. చేసే పని అంత కటువు, చెప్పే తీరు అంత మర్యాద, మీద చిరునవ్వు. ఆ మూడూ ఒక్క వీడియో ముక్కలో దొరికాయి. ఎన్నికల దాకా టీవీలు దాన్ని తిప్పి తిప్పి చూపించాయి.

ఎవరిని ఏరివేయాలన్నదానికి కొలత కూడా చెప్పారు. రాజ్యాంగ సవరణ మీద, 2015 భద్రతా చట్టాల మీద అభిప్రాయం కలవాలి. మిత్రదేశం మీద దాడి జరిగినా జపాన్ సేనలు కొన్ని పరిస్థితుల్లో బలం వాడవచ్చని చెప్పే చట్టాలు అవి. వాటికి వ్యతిరేకంగా 2015లో వేలమంది పార్లమెంటు ముందు కూర్చున్నారు. లోపల పోరాడింది ఇప్పుడు టికెట్ కోసం వరసలో నిలబడ్డ ఈ ఎంపీలే. రెండేళ్ల కిందట రాజ్యాంగ విరుద్ధం అని అరిచిన నోటితోనే ఇప్పుడు ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టమన్నారు. తర్వాత ఆ పత్రంలో భాషను కొంత మెత్తబరిచారు, చట్టాలను రాజ్యాంగానికి లోబడి సక్రమంగా అమలు చేయాలి అన్నట్టు. అయినా సంతకం సంతకమే. మాజీ ప్రధానులు తమంతట తాము రాకపోతే మంచిదని హొసోనో అంతకుముందే సన్నాయి నొక్కులు నొక్కారు. మాజీ ప్రధాని యొషిహికో నోదా, పార్టీని ముందు వదిలిపోయిన వాళ్ల కాళ్ల సందులోంచి దూరే ఉద్దేశం తనకు లేదని గట్టిగానే జవాబిచ్చారు.

ఇంకో దెబ్బ ఒసాకాలో తగిలింది. కొయికె, ఒసాకా గవర్నర్, ఐచి గవర్నర్ ముగ్గురూ చేతులు కలిపారు. ఒసాకాలో కిబో నో తో పోటీ చేయదు, టోక్యోలో ఒసాకా గవర్నర్ పార్టీ ఇషిన్ పోటీ చేయదు. పైన ముగ్గురు గవర్నర్లకు అది బాగానే ఉంది. ఒసాకాలో కిబో టికెట్ కోసం చూస్తున్న మిన్‌షింతో నాయకులు మాత్రం రాత్రికి రాత్రి వీధిలో పడ్డారు.

కొయికె ఆ మాట ఎందుకు అన్నారు? అహంకారం అని చాలామంది తేల్చేశారు. అది కొంతవరకే జవాబు. మిన్‌షింతో మొత్తాన్ని మింగేస్తే కిబో నో తో కొత్త పార్టీ ఎలా అవుతుంది? పాత దుకాణానికి కొత్త బోర్డు అని ఎల్డీపీ ఆ క్షణం నుంచే వెక్కిరించేది. ఆమెకు కావలసింది ఎల్డీపీకి కుడిపక్కనో, కనీసం సమానంగానో నిలబడే సంస్కరణ పార్టీ. వడపోత ఉంటేనే ఆమె బోర్డుకు విలువ. మాయెహారాకు కావలసింది అబే వ్యతిరేకులందరికీ ఒకే గొడుగు. అక్కడ వడపోత ఉంటే గొడుగే చిరుగుతుంది. ఇద్దరూ ఒకే ఒప్పందానికి చెరో అర్థం చెప్పుకుని చేతులు కలిపారు. ప్రశ్న ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడిగేవారే. మర్నాడే అడిగారు, అంతే తేడా.

చేతులు కలిపిన ఈ ఇద్దరూ, విడిపోయి ఎదురు నిలబడ్డ ఎదానో, కాళ్ల సందులోంచి దూరనన్న నోదా, ఈ నలుగురూ 1993 ఎన్నికల్లో ఒకే పార్టీ తరఫున దిగువ సభలో మొదటిసారి అడుగుపెట్టారు. అది మొరిహిరో హొసొకావా 1992లో పెట్టిన జపాన్ న్యూ పార్టీ. 1994 చివరికల్లా అదీ లేదు. కొద్దికాలపు పార్టీలో పుట్టి పెరిగినవాళ్లకు పార్టీ అంటే ఎక్కినంత సేపు ఎక్కి దిగే బండి అనే భావం వచ్చి ఉంటుందేమో. కొయికె ఆ తర్వాత మరో మూడు పార్టీలు మారి 2002లో ఎల్డీపీలో చేరారు. పర్యావరణ మంత్రిగా, దేశ తొలి మహిళా రక్షణ మంత్రిగా పనిచేసింది అక్కడే.

అక్టోబర్ 2న ఎదానో ఒంటరిగా విలేకరుల ముందు నిలబడి 'రిక్కెన్ మిన్‌షుతో', రాజ్యాంగ ప్రజాస్వామ్య పార్టీ పెడుతున్నామని చెప్పారు. పక్కన ఒక్క నాయకుడు లేడు. ఆ ఒంటరితనమే ఆయనకు బోర్డు అయింది. నిన్నటిదాకా నీరసంగా కనిపించిన మనిషి, మాట మీద నిలబడి గెంటేయబడ్డవాడిగా మారిపోయాడు. కొత్త పార్టీ ట్విట్టర్ ఖాతా కొద్ది రోజుల్లోనే అనుచరుల సంఖ్యలో ఎల్డీపీని దాటింది. మిన్‌షింతోకు ఏళ్ల తరబడి దొరకని సానుభూతి వారంలో దొరికింది. కంబన్ కోసమే కొయికె గడప తొక్కిన పార్టీకి అసలు కంబన్ ఆ గడప దగ్గర గెంటివేతలో దొరికిందన్నమాట.

కిబో నో తో ప్రచారం గురించి ఎక్కువ చెప్పేది లేదు. వినియోగ పన్నును 8 నుంచి 10 శాతానికి పెంచడం ఆపుతామన్నారు, 2030కల్లా అణు విద్యుత్తు మానేస్తామన్నారు. వీటితో పాటు '12 సున్నాలు' అంటూ ఒక జాబితా. అందులో కిక్కిరిసిన రైళ్లు సున్నా, కరెంటు స్తంభాలు సున్నా, ఆఖరికి పుప్పొడి అలర్జీ కూడా సున్నా. టోక్యో లోకల్ రైలులో ఊపిరాడక నిలబడే మనిషికి ఇది వినడానికి బాగానే ఉంటుంది, నమ్మడానికే కష్టం.

అసలు ప్రశ్న వేరే ఉంది. కొయికె పోటీ చేస్తారా లేదా? చేయాలని అక్టోబర్ 5న మాయెహారా వెళ్లి అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. గవర్నర్ పదవిలో ఏడాది దాటి కొద్ది నెలలే అయింది. ముందు 2020 ఒలింపిక్స్ ఉన్నాయి. ఇప్పుడు కుర్చీ వదిలేస్తే టోక్యోను మెట్టుగా వాడుకుందని అంటారు. అదే రోజు తోమిన్ ఫస్ట్ నుంచి ఆమెను మొదటి నుంచీ మోసిన ఇద్దరు అసెంబ్లీ సభ్యులు బయటికి వెళ్లిపోయారు కూడా. వదిలితే టోక్యోలో నష్టం, వదలకపోతే దేశంలో నష్టం. ఆమె టోక్యోను ఎంచుకున్నారు.

దాంతో ఆ పార్టీకి ప్రధాని అభ్యర్థి లేకుండా పోయాడు. ఎవరంటే ఫలితాలు చూశాక చెబుతామన్నారు. దిగువ సభ ఎన్నిక అంటేనే ప్రధానిని ఎన్నుకోవడం. జనం చూసింది కొయికె ముఖాన్ని, తీరా కాగితం మీద రాయాల్సింది ఎన్నడూ వినని ఎవరిదో పేరు. ఇంకో లెక్కా చూడండి. మెజారిటీకి 233 సీట్లు కావాలి. కిబో నో తో నిలబెట్టింది 235 మందిని. అంటే ఇద్దరు తప్ప అందరూ గెలవాలి. అధికారం తీసుకుంటామన్న మాట ఆ సంఖ్య దగ్గరే తేలిపోయింది. నా ఉద్దేశంలో 'ఏరివేత' కంటే గట్టి దెబ్బ ఇదే. ఆ మాట ప్రతిపక్ష ఓటరును దూరం చేసింది. పోటీ చేయకపోవడం మాత్రం, అబే మీద విసుగుతో కొత్త ముఖం కోసం చూస్తున్న మధ్యస్థ ఓటరుకు ఈ పార్టీతో పనే లేకుండా చేసింది.

అక్టోబర్ 22న పోలింగ్. తుఫాను వానలో 53.68 శాతం మంది ఓటేశారు. ఎల్డీపీకి 284, దాని మిత్రపక్షం కొమెయితోకు 29. రెండూ కలిసి సభలో మూడింట రెండు వంతులు దాటాయి. ఎదానో పార్టీకి 55, కిబో నో తోకు 50. కొయికె సొంత గడ్డ టోక్యోలో 25 నియోజకవర్గాలుంటే గెలిచింది ఒక్కటి. ఆమె పాత స్థానంలో నిలబడ్డ వకాసా కూడా ఓడిపోయారు. ఆ రోజు కొయికె పారిస్‌లో ఉన్నారు, నగరాల వాతావరణ సమావేశం కోసం. అక్కడి నుంచే ఇది పూర్తి ఓటమి అని ఒప్పుకున్నారు. గాజు కప్పును పగలగొట్టాననుకుంటే పైన ఇనుప కప్పు ఉందని తెలిసిందని కూడా అన్నారు. కప్పు ఉన్న మాట నిజమే కావచ్చు, కానీ ఈసారి నిచ్చెన ఎక్కకుండానే కింద నిలబడింది ఆమే కదా.

దామాషా ఓట్ల లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎల్డీపీకి సుమారు కోటీ 85 లక్షలు, 33 శాతం. ఎదానో పార్టీకి కోటీ 10 లక్షలు, కిబో నో తోకు 97 లక్షలు. ఒకే పార్టీ రెండు ముక్కలై తెచ్చుకున్న ఓట్లు కలిపితే అధికార పార్టీ కంటే ఎక్కువ. అయితే ఈ కూడికను మరీ నమ్మకూడదు. ఎదానోకు పడ్డ ఓట్లలో చాలా భాగం కొయికె గెంటేయడం వల్లే పుట్టినవి. కలిసి ఉంటే అవి అసలు పుట్టేవే కావు. నియోజకవర్గాల్లో మాత్రం చీలిక తన పని తాను చేసింది. అక్కడ దాదాపు 48 శాతం ఓట్లతో ఎల్డీపీ 289లో 218 సీట్లు, అంటే నాలుగింట మూడు వంతులు ఊడ్చుకుపోయింది.

ఓడాక పార్టీలో మిగిలిందెవరు? గెలిచిన 50 మందిలో 40 మందికి పైగా మిన్‌షింతో నుంచి వచ్చినవాళ్లే. వడపోత పెట్టినా తొట్టిలో మిగిలింది పాత నీళ్లే. నవంబర్ 10న ఎంపీలు యూయిచిరో తమాకిని సహాధ్యక్షుడిగా 39-14 ఓట్లతో ఎన్నుకున్నారు. నాలుగు రోజులకు కొయికె రాజీనామా చేసి పార్టీని ఆయన చేతుల్లో పెట్టారు. ఏ కొత్తదనం కోసం అంత రభస జరిగిందో అది అక్కడితో సరి. ఎగువ సభలో మిన్‌షింతో ఇంకా బతికే ఉంది, డబ్బు సంచి దాని దగ్గరే ఉంది. విడిపోయిన ముక్కలు మళ్లీ అతుక్కోవడం వేళ్ల మీద లెక్కపెట్టే నెలల పని.

2018 మే 7న కిబో నో తో, మిన్‌షింతో రెండూ కలిసి 'కొకుమిన్ మిన్‌షుతో' అయ్యాయి. చేరింది 62 మంది ఎంపీలు. ఇంకొందరు ఎదానో వైపో, స్వతంత్రులుగానో వెళ్లిపోవడంతో ప్రధాన ప్రతిపక్షం హోదా ఎదానో దగ్గరే ఉండిపోయింది. కొయికె గవర్నర్‌గానే కొనసాగి 2020లో 36 లక్షలకు పైగా ఓట్లతో, 2024లో మళ్లీ గెలిచారు. మాయెహారా తర్వాత ఇంకో చిన్న పార్టీ పెట్టి, దాన్ని తీసుకెళ్లి ఇషిన్‌లో కలిపారు.

విలీనం ముందు ఒక తంతు జరిగింది. మిన్‌షింతోతో కలవడం ఇష్టం లేని కుడివైపు ఎంపీలు ఐదుగురు, పార్టీని చట్టప్రకారం పంచుకుని వేరుపడ్డారు. జపాన్‌లో పార్టీగా గుర్తింపు, నిధులు రావాలంటే ఐదుగురు ఎంపీలు ఉంటే చాలు. సరిగ్గా ఐదుగురే ఉన్నారు. పేరు కూడా వాళ్లకే దక్కింది. షిగెఫుమి మత్సుజావా నాయకుడిగా 'కిబో నో తో' అనే బోర్డు అలాగే వేలాడింది. 2019లో ఆయన ఇషిన్ టికెట్ మీద పోటీకి వెళ్లిపోయారు. బోర్డు దించింది 2021లో.